ఈస్టర్ తరువాతి టోపీ

1956 ఏప్రిల్ నాలుగు, బుధవారం, మధ్యాహ్నం ఒంటి గంట దాటి ఐదు నిమిషాలు. ఆకాశం నిర్మలం. నైరుతి నుంచి తేలికపాటి గాలి. నీడలో వేడిమి డెబ్బై ఒక్క ఫారన్‌హీట్ డిగ్రీలు. ఈ వాతావరణ వివరాలు నా జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నవి కావు. ఆ రోజు సరిగ్గా గంట ముందు, ఒజెల్లా క్రెన్షా ఒక పుస్తకంలో తన చేతితో రాసిపెట్టినవి.

ఈ జ్ఞాపకాల కిందటి వారం భాగం చివర చదువరులు నన్ను స్త్రీ విద్యార్థుల డీన్ గది బయట చెక్కబల్ల మీద కూర్చోబెట్టి వెళ్ళారు. నేనింకా అక్కడే ఉన్నాను. ఆ బల్ల మీదికి ఎలా వచ్చానో క్లుప్తంగా చెప్పి లోపలికి వెళతాను.

అమెరికా దక్షిణాదిన నల్లవారి కోసం నడిచే హాలోవెల్ విశ్వవిద్యాలయంలో సోమ, బుధ, శుక్రవారాలలో పన్నెండు గంటలకు అందరూ ప్రార్థనా మందిరంలో ఉండి తీరాలి. ప్రతి విద్యార్థికీ పేరున ఒక కుర్చీ, కుర్చీ వీపున ఒక ఇత్తడి అంకె ఉండేవి. అర్ధ సంవత్సరంలో ఐదు సార్ల కంటే ఎక్కువ ఆ అంకె ఖాళీగా కనబడితే ఆ విద్యార్థి పెట్టె సర్దుకోవలసిందే. బాల్కనీలో కూర్చుని ఖాళీ అంకెలను గుర్తించే పని నాది. నా గదిలో ఉండే ఒజెల్లా జనవరి ఇరవై మూడు నుంచి ఒక్క ప్రార్థనకూ రాలేదు. నేను ఒక్కసారీ ఆమె పేరు ఎదుట సున్న చుట్టలేదు.

ఎవరైనా తనిఖీకి బాల్కనీ ఎక్కవచ్చు గనుక ఆమె కుర్చీలో ఒక ముడిచిన గొడుగు నిలబెట్టి, దాని కొనకు ఆమె చలికాలంలో పెట్టుకునే గోధుమరంగు ఫెల్ట్ ఉన్నిటోపీ తగిలించేవాళ్ళం. పక్క కుర్చీ బ్యూలా టేట్‌ది. అందరూ పాటకు లేచినప్పుడు ఆమె గొడుగును కూడా లేపేది. వేదిక మీది పెద్దలకు ఒక స్తంభం అడ్డు. పైనుంచి చూసేవారికి టోపీలు తప్ప మొహాలు కనబడవు.

ఒజెల్లా వెళుతున్నది విజ్ఞానశాస్త్ర భవనం పైనున్న చిన్న గుమ్మటంలోకి. ప్రొఫెసర్ హోసియా రెంబర్ట్ 1919 అక్టోబరు నుంచి ప్రతి మధ్యాహ్నం అక్కడి దూరదర్శిని ద్వారా సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పడనిచ్చి, దాని మీది మచ్చలను పెన్సిలుతో గీసేవారు. ఆయనకు జబ్బు చేసిన రోజున ఎవరో ఒక శిష్యుడు గీసేవాడు. మనిషి మారినా మధ్యాహ్నం తప్పలేదు. ఆ లెక్కలు నెలనెలా సముద్రం అవతలి ఒక పెద్ద వేధశాలకు వెళ్ళేవి. మన రాష్ట్రంలోని తెల్లవారి శాస్త్ర సంఘం ఆయనను గుమ్మం తొక్కనివ్వలేదు గాని, ఆ వేధశాల వారు ఏటా ఆయనకు కృతజ్ఞతతో ఒక కార్డు పంపేవారు. జనవరి ఇరవైన ఆయన ఆ రోజు బొమ్మ పూర్తిచేసి, సాయంత్రం కన్నుమూశారు. గుమ్మటానికి తాళం పడింది. కప్పు కారుతోంది గనుక వేసవిలో దానిని తీసివేసి నీళ్ళ తొట్టి పెట్టాలని నిర్ణయించారు. ఒజెల్లా అనుమతి అడిగింది. మగపిల్లలు తిరిగే భవనం పైకి ఆడపిల్ల ఒంటరిగా ఎక్కకూడదన్నారు. ఆమె రెండోసారి అడగలేదు, ఎందుకంటే ప్రొఫెసర్ అంతకు ముందే ఇచ్చిన తాళంచెవి ఆమె దగ్గర ఉంది, పన్నెండు వేళ భవనమంతా నిర్మానుష్యం: ఆ మూడు రోజులూ అందరూ ప్రార్థనలో, మిగతా రోజుల్లో భోజనశాలలో ఉంటారు.

గుడ్ ఫ్రైడేకూ ఈస్టర్ సోమవారానికీ సెలవిచ్చాక వచ్చిన మొదటి ప్రార్థనలో, ఆ బుధవారం, పన్నెండు గంటల ఏడు నిమిషాలకు, టోపీ పట్టుబడింది.

"లోపలికి రండి, మిస్ టాల్బర్ట్."

ఊళ్ళో తెల్ల దుకాణాలవాళ్ళు అరవై ఏళ్ళ మా అమ్మమ్మను కూడా పేరు పెట్టే పిలిచేవారు. డీన్ అల్మీడా గైథర్ పదిహేడేళ్ళ పిల్లను కూడా 'మిస్' అనీ 'మీరు' అనీ పిలిచేవారు, ఇంటికి పంపివేసేటప్పుడు కూడా. అందుచేత ఆ పిలుపులో నాకు ఊరట ఏమీ దొరకలేదు.

ఫెల్ట్ టోపీ ఆమె బల్ల మధ్యన ఒక తెల్లకాగితం మీద ఉంది. పక్కన బ్యూలా గొడుగు.

"ఈ ఆలోచన ఎవరిది?"

"ముగ్గురిదీ, మేడమ్."

"మూడు తలలు కలిపితే ఒక తల లేని టోపీ వచ్చిందన్నమాట. గొడుగు ఎవరిది?"

"బ్యూలాది."

"పాట పాడిందా?"

"బ్యూలానా, మేడమ్?"

"గొడుగు."

"లేదు, మేడమ్."

"లేచి మాత్రం నిలబడింది. రెండో చరణానికి కాస్త ఆలస్యంగా లేచింది, అయినా లేచింది. వెనక వరసలో మగపిల్లలు కొందరు అదీ చెయ్యరు." ఆమె మొహంలో నవ్వు లేదు. "ఈస్టర్ దాటిన మొదటి ప్రార్థనకి నేను ఏటా బాల్కనీ ఎందుకు ఎక్కుతానో మీకు తెలుసా?"

"తనిఖీకి అనుకున్నాం."

"చూసుకోడానికి. చలికాలమంతా నలుపూ గోధుమరంగూ చూసి చూసి, ఫెల్ట్ దాచేసి అందరూ గడ్డిటోపీలు పెట్టే ఆ ఒక్క రోజున హాలు హాలంతా డాగ్‌వుడ్ చెట్టు పూసినట్టు తెల్లగా అయిపోతుంది. ఏడాదిలో నాకోసం నేను చేసుకునే పని అదొక్కటే. నాలుగు వందల గడ్డిటోపీల మధ్య ఇవాళ ఒక్క ఫెల్ట్." ఆమె టోపీ అంచును వేలితో సరిచేశారు. "ఎవరో కొనుక్కునే డబ్బు లేని పిల్ల అనుకున్నాను. నాది ఇచ్చేద్దామని మెట్లు దిగబోయాను కూడా. రెండు మెట్లు దిగి ఆగిపోయాను. లేనిపిల్లయితే పక్కగదిలో అడిగి తెచ్చుకుంటుంది. అదీ దొరక్కపోతే కడుపునొప్పని పడుకుంటుంది. అంతేగాని ఈస్టర్ దాటాక ఫెల్ట్ పెట్టుకుని ఆ తలుపులోంచి నడిచొచ్చే ఆడపిల్ల మనవాళ్ళలో ఇంకా పుట్టలేదు. కాబట్టి దాని కింద మనిషి లేదు."

నేను చరిత్ర విద్యార్థినిని. ఒక సంఘటనకు కారణం వెతకడమే అప్పటికి నాలుగేళ్ళుగా నా చదువు. ఆ క్షణంలోనే మా తప్పు మొదటి నుంచి చివరిదాకా నాకు కనబడింది. ఆదివారం నాడు ఒజెల్లా తన గడ్డిటోపీ పెట్టుకునే చర్చికి వెళ్ళింది. ఫెల్ట్ టోపీ మాత్రం ఎప్పటిలాగే గొడుగుతో పాటు మందిరం వెనక కొక్కానికి వేలాడుతూనే ఉంది. దానిని మార్చవలసిన అవసరం తలకు తోస్తుంది, ఆ తల అక్కడ లేదు. బ్యూలా ఆ ఉదయం గంటసేపు తన కొత్త టోపీ రిబ్బను సర్దుకోవడంలోనే ఉంది. పైన కూర్చున్న నేను, ఇరవై తొమ్మిదిసార్లు చూసిన గోధుమరంగు మచ్చనే ముప్పయ్యోసారి వెతుక్కున్నాను గాని, చుట్టూ మారిన రంగును చూడలేదు.

"మొత్తం ఎన్ని ప్రార్థనలు?"

"ఇవాళ్టితో ముప్పై, మేడమ్."

"ఎక్కడికి వెళుతోంది?"

జవాబు ముందుగానే సిద్ధం చేసి ఉంచాం. "ఎండకోసం, మేడమ్. దానికి ఛాతీ బలహీనం. మధ్యాహ్నం ఎండ మంచిదని..." ఆమె వెళుతున్నది సూర్యుడి కోసమే గనుక, ఆ మేరకు నేను అబద్ధమాడలేదని అప్పుడు సమాధానపడ్డాను. ఇప్పుడు పడను.

"ముప్పైలో వానా మబ్బూ పట్టిన రోజులు ఎన్ని?"

"పదకొండు."

అనేశాక తెలిసింది. నిమిషం ఆలోచించి 'చాలానే ఉంటాయి' అని ఉంటే సరిపోయేది.

"ఠక్కున చెప్పారు. నన్నడిగితే నిన్న వాన పడిందో లేదో నేను చెప్పలేను." డీన్ కుర్చీలో వెనక్కు వాలారు. "పదకొండు రోజులు వానలో కూర్చుని ఎండ కాచుకుందా మిస్ క్రెన్షా?"

ఆమె సొరుగులోంచి అడ్డపంక్తులున్న అభియోగపు కాగితం ఒకటి తీశారు.

"సరే. క్రమశిక్షణ కమిటీ రేపు కూర్చుంటుంది. గురువారం, ఎప్పటిలాగే పన్నెండు గంటలకి, ప్రెసిడెంట్ గారి గదిలో. మీరు ముగ్గురూ ఉండాలి. అభియోగం నేను రాసి పంపుతాను."

"పన్నెండుకా, మేడమ్? ఒంటి గంటకి కుదరదా?"

"ఒంటి గంటకి ఏం మారుతుంది?"

ఏమి మారుతుందో నేను చెప్పలేను. రేపు పన్నెండుకు ఒజెల్లా ఆ గదిలో ఉంటే గుమ్మటంలో ఎవరూ ఉండరు. నేనూ బ్యూలా కూడా ఉండము. నాలుగో మనిషికి ఆ సంగతి తెలియదు. ముప్పై ఆరేళ్ళ ఐదు నెలల పుస్తకంలో మొదటి ఖాళీ పేజీ ఏప్రిల్ ఐదు అవుతుంది. అది చెబితే తాళంచెవి పోతుంది, ఆ తరువాతివన్నీ ఖాళీ పేజీలే. చెప్పకపోతే, గ్రాడ్యుయేషన్‌కు ఏడు వారాల ముందు, తన కుటుంబంలో పదో తరగతి దాటిన మొదటి మనిషి రైలెక్కి ఇంటికి పోతుంది.

డీన్ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. ఆ కిటికీలోంచి విజ్ఞానశాస్త్ర భవనం, దాని మీద పచ్చబారిన రాగి గుమ్మటం కనబడతాయి.

"వాన పడినా వెళ్ళాలి," అన్నారు, నాతో కాకుండా అద్దంతో అన్నట్టు. "పన్నెండుకే వెళ్ళాలి." ఇటు తిరిగారు. "ఆ గుమ్మటం నిచ్చెన దగ్గర మేకుకి ఒక గడియారం వేలాడుతుంటుంది. అది రెండు నిమిషాలు ముందు నడుస్తుంది. ఆ పిల్లకి తెలుసా?"

"తెలుసు, మేడమ్. రెండు తీసేసి రాస్తుంది."

"ఆయన బాగుచేయించలేదన్నమాట, ఇన్నేళ్ళూ." ఆమె కుర్చీ దాకా రాలేదు, బల్ల అంచున చెయ్యి ఆనించి నిలబడ్డారు. "నేనిక్కడ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు ఆయన మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనకీ పాతికేళ్ళు లేవు. క్లాసులో నిబ్బరమైన చెయ్యి ఎవరిదని అడిగాడు. నాది. కుట్టుపనికి నాకు బహుమతి వచ్చింది. కానీ నిచ్చెన నిటారుగా ఉంటుంది, పరికిణీ వేసుకున్న పిల్ల ఎక్కకూడదన్నారు. అందుకని గడియారం పట్టుకుని కింద నిలబడి వేళ చెప్పే పని నాకిచ్చారు. నవంబరు నుంచి మార్చి దాకా చెప్పాను. 'ఇప్పుడు' అనేదాన్ని. పైన పెన్సిల్ చప్పుడు వినబడేది."

"మీరు చూడలేదా, మేడమ్?"

"దేన్ని?"

"కాగితం మీద... సూర్యుణ్ణి."

"గీసినవి చూశాను. పడ్డది చూడలేదు." ఆమె బల్ల మీది టోపీని తీసి దుమ్ము దులిపారు. "ఎలా ఉంటుందిట?"

"ఒజెల్లా అంటుంది, కాగితం మీద వెలుగు ఊరికే నిలవదట, వణుకుతుందట, నీళ్ళలో పళ్ళెం పెట్టినట్టు. మచ్చలు మాత్రం కదలవట."

ఆమె తల ఊపారు, కొలత ఒప్పుకున్న దర్జీలాగా. ఆ నిమిషంలో నాకు ధైర్యం వచ్చింది. "అయితే మేడమ్, కమిటీకి..."

"అయితే ఏమిటి? కుర్చీ ఖాళీగా లేదా?" గొంతు మళ్ళీ పాత చోటికి వెళ్ళింది. "మాంట్‌గోమరీలో మనవాళ్ళు నాలుగు నెలలుగా బస్సులు మానేసి చెప్పులరిగేలా నడుస్తున్నారు, బస్సులో ఒక కుర్చీ కోసం. ఈ గేటు దాటితే మీరు ఎక్కడ కూర్చోవాలో ఇంకెవరో చెబుతారు. ఇక్కడ ప్రతి పిల్లకీ తన పేరున ఇత్తడి అంకె వేసి ఒక కుర్చీ ఉంచాం. దాన్లో గొడుగుని కూర్చోబెట్టారు. నేను దాన్ని చూడనట్టు ఉండాలా? అభియోగం రాస్తాను. ఒక్క అక్షరం తగ్గించను."

"మరి ఆ పుస్తకం, మేడమ్?"

"తాళంచెవి ఎక్కడుంటుంది?"

నేను గొడుగు పిడి వైపు చూశాను.

"వెర్లీన్." నాలుగేళ్ళలో ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "నేను అడగకముందే నువ్వు రెండుసార్లు చెప్పేశావు. మూడోసారికి ఈ మొహమాటం దేనికి?"

"దాని మెడలో, మేడమ్. తాడు కట్టి."

"రేపు పదకొండున్నరకి అది నా బల్ల మీద ఉండాలని చెప్పు. పన్నెండుకి మీరు కమిటీ ముందు ఉండండి. నేను రావలసిన పని లేదు, నా కాగితం వస్తుంది." ఆమె ఫెల్ట్ టోపీని నా చేతిలో పెట్టారు. "దీన్ని నాఫ్తలీన్ ఉండలు వేసి పెట్టెలో పెట్టమను. ఈ పని ఆదివారమే చెయ్యాల్సింది."

ఒజెల్లా, బ్యూలా వసతిగృహం వెనక మెట్ల మీద నాకోసం కూర్చుని ఉన్నారు. భోజనశాల నుంచి తెచ్చిన మొక్కజొన్న రొట్టె ఒజెల్లా ఒళ్ళో అలాగే ఉంది. ఆమె కుడిచేతి చిటికెనవేలి పక్కన పెన్సిల్ మసి ఇంకా పోలేదు.

"చెప్పేశావా?" అంది ఒజెల్లా.

"చెప్పలేదే. పదకొండు రోజులు వాన అన్నాను. కమిటీ ఒంటి గంటకి పెట్టమన్నాను."

"ఓసి నీ లెక్కలు తగలెయ్య! అంతకంటే బొమ్మ గీసి గోడకి అంటించాల్సింది."

"నువ్వు మాట్లాడకు," అంది బ్యూలా. "ఆదివారం నుంచీ నెత్తిన గడ్డి పెట్టుకు తిరుగుతున్నావు, రెండోది ఏ కొక్కాన ఉందో ఒక్కసారైనా తలుచుకున్నావా?"

"నువ్వేగా దాన్ని మోసుకెళ్ళి తగిలించింది! కళ్ళు నీ రిబ్బనులో కుట్టేసుకున్నావా?"

"నా రిబ్బను జోలికి రాకు. నా గొడుగు కూడా లోపలే ఉండిపోయింది. రేపు వానొస్తే నా కొత్త టోపీ గతేమిటి?"

ఒజెల్లా నవ్వబోయి ఆపుకుంది. నేను మిగిలినదంతా వరుసగా చెప్పాను: నిచ్చెన, గడియారం, కుర్చీ, తాళంచెవి. ఆమె మెడలోని తాడును వేలికి చుట్టుకుంటూ విన్నది.

"ఆవిడ దాన్ని ఏం చేస్తుంది?"

"చెప్పలేదు."

"నీకేమనిపించింది?"

నాకు రెండూ అనిపించాయి. ఆమె రేపటి నుంచి ఆ తలుపు తెరవనివ్వదనీ అనిపించింది, కాదనీ అనిపించింది. ఏ ఒక్కటి చెప్పినా అది సాక్ష్యం లేని మాట అవుతుంది. "ఆవిడ అభియోగంలో ఒక్క అక్షరం తగ్గించదు. అదొక్కటే నాకు నమ్మకంగా తెలుసు."

"ఇవ్వకపోతే?" అంది బ్యూలా. "ఇవాళే పారిపోయి రేపు పన్నెండుకి గుమ్మటంలో కూర్చో. కమిటీ లేకుండానే పంపించేస్తారు, ఒక్కరోజు బొమ్మ మాత్రం మిగులుతుంది."

"ఎల్లుండిది?" అంది ఒజెల్లా.

ఆమె రొట్టెను మూడు ముక్కలు చేసి మా ఇద్దరికీ ఇచ్చింది. తన ముక్క తిన్నాక, "అడక్కుండానే రెండు నిమిషాలు ముందని చెప్పిందా?" అని మళ్ళీ అడిగింది.

"చెప్పింది."

"ఆ సంగతి పుస్తకంలో ఎక్కడా లేదు," అంది. "ఆయన నాకు నోటితోనే చెప్పాడు."

ఆ మాట మీదనే ఆమె నిర్ణయించుకున్నదని నేను అనుకుంటాను. గురువారం పదకొండున్నరకు తాడుతో సహా తాళంచెవిని డీన్ బల్ల మీద పెట్టి, మారుమాట లేకుండా బయటికి వచ్చింది.

పన్నెండుకు ఐదు నిమిషాల ముందు మేము ముగ్గురం తెల్ల గడ్డిటోపీలతో ప్రెసిడెంట్ గదిలో వరుసగా కూర్చున్నాం. ఎదుట ప్రెసిడెంట్, నలుగురు ఆచార్యులు. గోడవార స్త్రీ విద్యార్థుల డీన్ కోసం వేసిన కుర్చీ ఖాళీగా ఉంది. గంట పన్నెండు కొట్టడం మొదలుపెట్టగానే ఒజెల్లా కళ్ళు మూసుకుంది. పన్నెండో దెబ్బకు ప్రెసిడెంట్ డీన్ పంపిన కవరు చింపి, రెండు కాగితాలు బయటికి తీశారు. మొదటిది అభియోగమని ఆ అడ్డపంక్తులు చూసి నేను గుర్తుపట్టాను. రెండోదానిని ఆయన తనలో తాను చదువుకుని, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకుని, మొదటి నుంచి చదివారు.

"మిస్ క్రెన్షా," అన్నారు, "లేచి నిలబడండి."

ఆ రెండో కాగితంలో ఏముందో వచ్చే వారం చెబుతాను. ముప్పై రెండేళ్ళ తరువాత, 1988లో, ఆ పుస్తకాలను ఫిల్ము మీదికి ఎక్కించారు. ఆ సంపుటంలో ఒక్క మధ్యాహ్నం కూడా ఖాళీగా లేదు. 1956 ఏప్రిల్ ఐదు నాటి పేజీలో తొమ్మిది మచ్చలు ఉన్నాయి. వృత్తం గీత రెండుచోట్ల వణికింది. వేళ రాసే గడిలో 12:09 కొట్టివేసి 12:07 అని ఉంది. పరిశీలకుల పేరు రాసే గడిలో, అల్మీడా గైథర్.